ప్రమాదంలో దెబ్బతిన్న పిల్లల కేసు తేలడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఖమ్మం నాన్న

నమస్తే. ఇలాంటి కేసులు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మా బాబుకి ఎనిమిదేళ్ళు. రెండు నెలల కిందట బడి నుంచి వస్తూ రోడ్డు పక్కన నిలబడి ఉంటే కారు గుద్దింది. కుడి తొడ ఎముక మోకాలి దగ్గర విరిగింది. ఆపరేషన్ చేసి వైర్లు వేశారు, తర్వాత తీసేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో నడుస్తున్నాడు. ఆసుపత్రికి, మందులకు కలిపి మూడున్నర లక్షలు దాటింది. అందులో సగం పైగా అప్పే. ఎఫ్‌ఐఆర్ అయింది. కారుకు ఇన్సూరెన్స్ ఉంది, డ్రైవరుకు లైసెన్సు కూడా ఉందట.

మొన్న ఒకాయన ఇంటికి వచ్చి, "కంపెనీతో మాట్లాడి రెండున్నర లక్షలు ఇప్పిస్తాను, రెండు మూడు నెలల్లో అకౌంట్‌లో పడతాయి, కోర్టుకు పోతే పదేళ్ళు తిరగాలి" అన్నాడు. మాకు తెలిసిన వకీలేమో రెండు మూడేళ్ళలో తేలిపోతుందంటున్నారు. ఇద్దరి మాటకూ పొంతన లేదు. అసలు పిల్లల కేసు ఎన్నాళ్ళు పడుతుంది? అప్పులవాళ్ళ టెన్షన్ ఒక పక్క, వాడి కాలు ఏమవుతుందోనన్న టెన్షన్ ఇంకో పక్క. సంతకం చేయమంటారా, వద్దా?

మిర్చి యార్డు

అన్నా, ముందు బాబు బాగా నడవాలి. మా మేనకోడలి కేసు సంగతి చెప్తాను, మీకు ఒక అందాజు వస్తుంది.

2015లో ఆటోలో వస్తుంటే లారీ గుద్దింది. అప్పుడు దానికి ఆరేళ్ళు. మోచేయి విరిగి, అతుక్కున్నాక వంకర వచ్చింది. 2016లో ఎంవీఓపీ, అంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం పిటిషన్, వేశాం. 2019లో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. అయిపోయిందనుకుంటే బీమా కంపెనీ హైకోర్టుకు అప్పీలుకు వెళ్ళింది. అది తేలేసరికి 2024. ఇప్పుడు డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీగా ఉంది, పిల్లకు 18 నిండేదాకా కదపడానికి లేదు.

అంటే మీ వకీలుగారి మాటా నిజమే, ఆ వచ్చినాయన మాటా నిజమే. ఒకరు ట్రిబ్యునల్ వరకు లెక్క చెప్పారు, ఇంకొకరు డబ్బు చేతికొచ్చే వరకు చెప్పారు.

నల్లకోటు

ఖమ్మం నాన్న గారూ, నేను మోటారు ప్రమాదాల కేసులు చూసే అడ్వకేట్‌ని. ముందు ఒక్క మాట: ఆ రెండున్నర లక్షల కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. ఎందుకో చెప్తాను.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 164వ సెక్షన్ కొత్త రూపంలో వచ్చింది. తప్పెవరిదో రుజువు చేయనవసరం లేకుండా, చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. మీ ఇంటికి వచ్చినాయన చెప్పిన అంకె సరిగ్గా ఇదే. ఈ డబ్బు తొందరగా వస్తుందన్న మాట నిజమే. కానీ 149వ సెక్షన్ పద్ధతిలో దాన్ని ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన క్లెయిమ్ పిటిషన్ రద్దయిపోతుందని 166వ సెక్షన్‌లోనే రాసి ఉంది. రేపు వాడి కాలు పొట్టిదైనా, మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా అడగడానికి దారి మూసుకుపోతుంది.

ఇక ఎన్నాళ్ళు అన్నదానికి వస్తే, నా అనుభవంలో మన జిల్లా కోర్టుల్లో ట్రిబ్యునల్ తీర్పుకు రెండు నుంచి నాలుగేళ్ళు పడుతోంది. ఆ కాలమంతా జడ్జిగారు వాదనలు వింటూ ఉంటారనుకోకండి. చాలా భాగం నోటీసులకే పోతుంది. కారు ఓనరు అడ్రసులో ఉండడు. బండి చేతులు మారి ఉంటుంది, ఆర్‌సీ మాత్రం పాత పేరు మీదే ఉంటుంది. నోటీసు తిరిగి వస్తుంది, పేపరు ప్రకటన ఇవ్వాలి, వాయిదా. తర్వాత బీమా కంపెనీ కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేయడానికి వాయిదాలు. సాక్ష్యాల దశలో మొదటి సాక్షి మీరు. మీ ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో వేస్తాం, కంపెనీ వకీలు అడ్డ ప్రశ్నలు వేస్తారు, ఆ పని ఒక పూటలో అయిపోతుంది. రెండో సాక్షి డాక్టరు. కేసు ఆగేది సాధారణంగా ఇక్కడే. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు కోర్టుకు వచ్చే తీరిక ఉండదు, సమన్లు వెళ్ళినా ఆ రోజు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు. అలాంటప్పుడు అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అడిగితే, ఆయనే ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు వాంగ్మూలం రాసుకుంటారు. మీ వకీలుతో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి, నెలలకు నెలలు కలిసొస్తాయి.

తీర్పు వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ చేయాలని చట్టం చెబుతోంది. అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. పెద్ద మొత్తమైతే కంపెనీలు అప్పీలుకు వెళ్తాయి. మేము ఎంఏసీఎంఏ అనే ఆ అప్పీళ్ళు హైకోర్టులో ఎన్నాళ్ళుంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. మూడేళ్ళలో తేలినవీ చూశాను, ఎనిమిదేళ్ళు పట్టినవీ చూశాను. అయితే స్టే ఇచ్చేటప్పుడు కొంత మొత్తం, మామూలుగా సగం, జమ చేయమంటారు. దాంట్లోంచి చికిత్స ఖర్చుల వరకు తీసుకుంటామని అర్జీ పెట్టుకోవచ్చు.

క్రిమినల్ కేసు తేలేదాకా ఆగాలని కొందరు చెబుతారు. అక్కర్లేదు, అది వేరు, ఇది వేరు.

ఓరుగల్లు

వకీలు సాబ్ చెప్పింది చట్టం. నేను ఇంటి సంగతి చెప్తా, ఏమనుకోవద్దు.

మా తమ్ముడి కొడుక్కి ప్రమాదం జరిగినప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వైద్యం చేయించాం. అంటే ఏడాదికి నూటికి 24. కోర్టు ఇచ్చిన వడ్డీ ఏడున్నర శాతం. కేసు గెలిచాం, కానీ అప్పటికి రెండెకరాల్లో ఎకరం అమ్మేశాం. తీర్పులో వచ్చిన డబ్బు పిల్లాడి పేరు మీద ఎఫ్‌డీ అయింది, ఎకరం మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి ఇవాళ చేతికొచ్చే డబ్బును కాదనేముందు ఖమ్మం అన్న ఇంట్లో అప్పు ఎంతుందో, వడ్డీ ఎంతో చూసుకోవాలె. పేదోడికి పదేళ్ళ తర్వాత వచ్చే పది లక్షల కంటే ఇప్పుడొచ్చే రెండున్నరే పెద్దది కావచ్చు.

రిటైర్డ్ క్లెయిమ్స్

ఓరుగల్లు గారి బాధ నాకు అర్థమైంది. నేను ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో క్లెయిమ్స్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. కౌంటర్‌కు అవతలి వైపు ఎలా ఉంటుందో చెప్తాను.

పెద్దవాళ్ళ కేసులో మేము జీతం కాగితాలు చూస్తాం, లెక్క కడతాం, ఒక అంకె వస్తుంది. చిన్నపిల్లల ఫైలు వస్తే అందరికీ ఒకటే ఆలోచన: వైకల్యం శాతం తేలకముందే సెటిల్ చేయగలమా? మొదటి ఏడాది పిల్లాడు నడుస్తుంటాడు, ఎక్స్‌రేలో ఎముక అతుక్కుని కనిపిస్తుంది, తల్లిదండ్రులు అప్పుల్లో ఉంటారు. ఆ సమయంలో కుదిరే రాజీ కంపెనీకి చౌక. అందుకే మధ్యవర్తులు మొదటి ఆరు నెలల్లోనే ఇంటి చుట్టూ తిరుగుతారు. వాళ్ళకు కమీషన్ ఎవరు ఇస్తారో కూడా ఒకసారి అడగండి.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూల్స్ అమల్లో ఉన్నాయి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి యాక్సిడెంట్ రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి, 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు. దాన్నే డీఏఆర్ అంటారు. అది అందిన 30 రోజుల్లో బీమా కంపెనీ నియమించిన అధికారి ఎంత ఇస్తారో చెప్పాలి. సక్రమంగా జరిగితే కేసు ఏడాదిలోపే తేలే ఏర్పాటు ఇది. దీన్ని ఖచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. అన్ని స్టేషన్లలో అలా జరగడం లేదు. మీరు స్టేషన్‌కు వెళ్ళి డీఏఆర్ పంపారా అని అడగండి. అడిగితేనే ఫైలు కదులుతుంది.

ఖమ్మం నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. ఓరుగల్లు అన్న చెప్పింది చదివి మా ఆవిడ ఏడ్చింది, మా పరిస్థితి కూడా అదే.

డాక్టరుగారు ఒక మాట అన్నారు, అప్పుడు సరిగా అర్థం కాలేదు. "పిల్లాడు పెరిగేకొద్దీ చూడాలి, 12, 13 ఏళ్ళప్పుడు ఇంకో ఆపరేషన్ పడొచ్చు" అని. అంటే వైకల్యం ఎంతో తేలడానికే అయిదేళ్ళు ఆగాలా? అప్పటిదాకా కేసు వేయకూడదా?

ఎముకల డాక్టర్

నేను ఆర్థోపెడిక్స్‌లో ఉన్నాను, వైజాగ్. ఎక్స్‌రే చూడకుండా మీ బాబు గురించి ఏమీ చెప్పలేను, కానీ మీ డాక్టరుగారు అలా ఎందుకన్నారో చెప్పగలను.

పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. తొడ ఎముక పెరుగుదలలో సుమారు 70 శాతం మోకాలి వైపు చివర నుంచే వస్తుంది. అక్కడ విరిగితే, ఎముక చక్కగా అతుక్కున్నా పెరుగుదల ఆగిపోవచ్చు, లేదా ఒక పక్కే ఆగి మోకాలు వంకర తిరగవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇంకా ఏడెనిమిదేళ్ళ ఎదుగుదల ఉంది, మగపిల్లలు దాదాపు 16 ఏళ్ళ వరకు పెరుగుతారు. ఇప్పుడు రెండు కాళ్ళూ సమానంగా కనిపించినా, పన్నెండో ఏట తేడా మూడు నాలుగు సెంటీమీటర్లు కావచ్చు. అసలు తేడా రాకపోనూవచ్చు. అందుకే ఆరు నెలలకొకసారి రెండు కాళ్ళకూ కలిపి ఎక్స్‌రే తీసి కొలుస్తాం.

మీరు ఆ కొలతలన్నీ తేదీలతో దాచుకోండి. వైకల్యం సర్టిఫికెట్ తొందరపడి తీసుకుంటే మీకే నష్టం. చికిత్స ముగిసి కనీసం ఆరు నెలలు గడిచాక తీసుకోవడం మేలు. సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరును, "ఎదుగుదల పూర్తయ్యేలోపు ఇంకో ఆపరేషన్ అవసరం కావచ్చు, దానికి సుమారుగా ఇంత ఖర్చవుతుంది" అని రాసివ్వమని అడగండి. కోర్టులో వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మమ్మల్ని ఈ ప్రశ్న అడిగే వకీళ్ళు తక్కువ. అడగకపోతే మేము చెప్పే సందర్భం రాదు, తీర్పులోకి ఆ ఖర్చు ఎక్కదు.

నల్లకోటు

డాక్టరుగారు చెప్పింది బంగారం లాంటి మాట.

ఖమ్మం నాన్న గారూ, కేసు వేయడం వేరు, సెటిల్ చేసుకోవడం వేరు. వేయడానికి మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. 2019 సవరణతో 166(3) కింద ఆరు నెలల గడువు పెట్టారు, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మైనరు కదా, 18 నిండాక వేసుకోవచ్చు అని పాత లిమిటేషన్ చట్టం లెక్క చెప్పేవాళ్ళుంటారు. సివిల్ దావాలకు ఆ వెసులుబాటు ఉంది. ఈ క్లెయిమ్‌కు దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మిర్చి యార్డు

సార్, ఆ ఆరు నెలల గడువు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది కదా? గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో ఉత్తర్వు వచ్చిందని పేపర్లో చదివాను.

నల్లకోటు

వచ్చింది. కానీ అది మధ్యంతర ఉత్తర్వు. ఇప్పటికే గడువు దాటినవాళ్ళకు అది ఊరట. గడువులో ఉన్నవాళ్ళు దాన్ని చూసుకుని ఆగకూడదు.

ఇప్పుడు ఓరుగల్లు గారు లేవనెత్తిన అసలు సంగతికి వస్తాను. ఎదురుచూస్తే ఎంత తేడా వస్తుంది? 2013లో సుప్రీంకోర్టు పిల్లల కేసులకు ఒక కొలత పెట్టింది: చికిత్స ఖర్చులు కాక, వైకల్యం 10 నుంచి 30 శాతం ఉంటే 3 లక్షలు, 60 దాకా 4 లక్షలు, 90 దాకా 5 లక్షలు, ఆపైన 6 లక్షలు. చాలా ఏళ్ళు ట్రిబ్యునళ్ళు ఆ అంకెల దగ్గరే ఆగిపోయాయి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఒక కేసులో దారి మార్చింది. 2007లో ప్రమాదంలో పూర్తిగా మంచాన పడిన 12 ఏళ్ళ పాప. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇస్తే, పంజాబ్ హర్యానా హైకోర్టు 25 లక్షల పైకి పెంచింది, సుప్రీంకోర్టు 62.27 లక్షలు ఇచ్చింది. చదువుకుని పని చేసుకోవాల్సిన పిల్లకు నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనాన్ని ఆదాయంగా లెక్కవేసింది. గుజరాత్ నుంచి వచ్చిన ఇంకో కేసులో 2012లో దెబ్బతిన్న ఎనిమిదేళ్ళ పిల్లాడికి ట్రిబ్యునల్ 3.90 లక్షలు, హైకోర్టు 8.65 లక్షలు ఇచ్చాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని 35.90 లక్షలు చేసింది. పిల్లల కేసుల్లో నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనమే లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెప్పింది.

మీ బాబుకు వేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి నెలకు 15,000 అనుకుందాం. భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. దాన్ని పిల్లల కేసుల్లో కోర్టులు వాడే గుణకం 18తో గుణిస్తే 45,36,000. వైకల్యం 20 శాతం అని తేలితే 9,07,200. చికిత్స ఖర్చు, నొప్పికి, రాబోయే ఆపరేషన్‌కు, తోడు ఉండి చూసుకున్న తల్లి శ్రమకు ఇచ్చేది దీనికి అదనం. ప్రతి ట్రిబ్యునల్ ఇంత ఇస్తుందని నేను చెప్పడం లేదు. కానీ రెండున్నర లక్షల పక్కన ఏ అంకె పెట్టి చూడాలో మీకు తెలియాలి.

ఓరుగల్లు

ఈ లెక్క మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. సరే సార్, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్న అట్లనే ఉంది. ఈ రెండు మూడేళ్ళు అప్పు ఎట్ల మోయాలె?

రిటైర్డ్ క్లెయిమ్స్

అందుకు ఒక్క మందు లేదండీ, కొన్ని చిన్న చిన్న దారులు ఉన్నాయి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. ఖమ్మం నాన్న గారి బాబుకు ఆ దశ దాటిపోయింది, చదివే మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో చేరిన గంటలోనే అడగండి. ముందు ముందు పడే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ చూసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షల వరకు ఉంది.

వకీలు ఫీజు భారం కూడా తగ్గించుకోవచ్చు. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ అయితే 15100.

నల్లకోటు

ఫీజు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. వచ్చే పరిహారంలో ఇంత శాతం అని మాట్లాడుకోవడం మా బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం కుదరదు. చాలా చోట్ల జరుగుతోందని నాకు తెలుసు, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాల మీద సంతకాలు ఎవరడిగినా ఇవ్వకండి.

న్యూజెర్సీ అమ్మ

ఇండియాలోనే ఇంత ఆలస్యం అనుకోకండి, ఇక్కడ కూడా పిల్లల కేసు నిదానంగానే నడుస్తుంది. మా పాపకు డేకేర్‌లో వేడి నీళ్ళు పడి చేయి కాలింది. లాయర్ చెప్పిన మొదటి మాట, మచ్చ పూర్తిగా మానేదాకా సెటిల్‌మెంట్ మాట ఎత్తొద్దని. చర్మం మానడానికే ఏడాదిన్నర పట్టింది, ఆ తర్వాత బేరం కొద్ది నెలల్లోనే అయిపోయింది.

ఇక్కడ మైనర్లకు గడువు 18 నిండాకే మొదలవుతుంది, న్యూజెర్సీలో ఆపైన రెండేళ్ళు. కానీ పుట్టేటప్పుడు జరిగిన వైద్య తప్పిదమైతే పిల్లకు 13వ పుట్టినరోజు రాకముందే వేయాలి. ఇక్కడి తెలుగువాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి. సెటిల్‌మెంట్ కుదిరాక కూడా జడ్జి ముందు హియరింగ్ ఉంటుంది. మేము ఒప్పుకున్నా, ఆ మొత్తం పాపకు న్యాయమేనా అని జడ్జి విడిగా చూశారు, డాక్టరు రిపోర్టు చదివారు, పాపను పలకరించారు. విచారణ దాకా వెళ్ళకుండా తేలిన మైనరు కేసులో లాయరు ఫీజు 25 శాతం దాటకూడదు. డబ్బు కౌంటీ సరోగేట్ కోర్టు దగ్గర ఉంది, పాపకు 18 నిండాకే వస్తుంది.

నల్లకోటు

మన దగ్గరా ఆ రక్షణ ఉందమ్మా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 ప్రకారం మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి ఉండాలి. అనుమతి లేని రాజీని పిల్లవాడు కాదనవచ్చు. కాకపోతే లోక్ అదాలత్ రోజున వందల ఫైళ్ళు ఒక్కసారిగా వస్తాయి, ఒక్కో ఫైలుకు దొరికే సమయం తక్కువ. అక్కడ ఇచ్చే అవార్డుపై అప్పీలు ఉండదు. లోక్ అదాలత్ చెడ్డదని నేననడం లేదు, వైకల్యం శాతం తేలిపోయి, సరైన అంకె వస్తే అదే మేలు, అప్పీలు గొడవ తప్పుతుంది. ఏడాదికి నాలుగు సార్లు జాతీయ లోక్ అదాలత్ జరుగుతుంది, ఒకటి తప్పితే ఇంకొకటి వస్తుంది. ఈసారి కాకపోతే ఇంక దొరకదు అని ఎవరైనా తొందరపెడితే నమ్మకండి.

చిత్తూరు టీచరమ్మ

ఎఫ్‌డీ గురించి నేను చెప్తాను, మా అబ్బాయిది ఈ మధ్యనే తీసుకున్నాం.

పిల్లల డబ్బు తల్లిదండ్రుల చేతికి ఇవ్వకుండా జాతీయ బ్యాంకులో మేజరయ్యేదాకా ఉంచాలని 1990ల్లోనే కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. మొదట్లో నాకు కోపం వచ్చింది, మా బిడ్డకు మేమే కదా ఖర్చు పెట్టింది అని. తర్వాత మా చుట్టాల్లోనే పిల్లకు వచ్చిన పరిహారంతో ఇల్లు కట్టుకున్నవాళ్ళను చూశాక, ఈ కట్టుబాటు ఉండాల్సిందే అనిపించింది.

అయితే డబ్బు పూర్తిగా బిగించేసినట్టు కాదు. వడ్డీని మూడు నెలలకొకసారి గార్డియన్‌కు ఇచ్చేలా తీర్పులోనే రాయించుకోవచ్చు. ఆపరేషన్‌కో, కాలేజీ ఫీజుకో అసలులో కొంత కావాలంటే అదే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ఎస్టిమేటు, ఫీజు కాగితం జత చేస్తే ఇస్తారు. మేము ఇప్పటికే పెట్టిన ఖర్చు వరకు విడిగా మాకు ఇప్పించమని వకీలు అడిగితే జడ్జిగారు ఒప్పుకున్నారు, దాంతో అప్పు కొంత తీరింది. ఓరుగల్లు అన్నా, మీ కేసులో ఎఫ్‌డీ ఇంకా ఉంటే ఇది ఒకసారి అడగండి. 18 నిండాక మేజరైనట్టు పిటిషన్ వేసి, టెన్త్ మార్కుల మెమో, ఆధార్ పెట్టాలి. మాకు చెక్కు పిటిషన్ కంటే బ్యాంకు బ్రాంచి మారడం వల్లనే ఎక్కువ ఆలస్యమైంది. ఎఫ్‌డీ రసీదు జిరాక్సు తప్పకుండా దాచుకోండి.

విజయనగరం అక్క

నాదీ ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే, కానీ బండి ప్రమాదం కాదు. మా అక్క కూతురికి పుట్టినప్పుడు ఆసుపత్రిలో జరిగిన ఆలస్యం వల్ల మెదడుకు దెబ్బ తగిలింది. పాపకు ఇప్పుడు ఏడాది. ఇది ఎన్నాళ్ళు పడుతుంది?

నల్లకోటు

అమ్మా, దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ళ లోపు వేయాలి కాబట్టి మీకు ఎక్కువ టైం లేదు. చట్టం ప్రకారం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలి. నిజంగా అయితే అంతకు చాలా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే నిపుణుడైన డాక్టరు అభిప్రాయం సంపాదించడమే కష్టం. చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో నెలలు నిండకుండా పుట్టిన పాపకు కళ్ళ పరీక్ష చేయించకపోవడంతో చూపు పోయింది. ఆ తండ్రి పోరాడగా పోరాడగా 2015లో సుప్రీంకోర్టు సుమారు 1.8 కోట్లు ఇప్పించింది. పాపకు అప్పటికి 18 ఏళ్ళు. ఇలాంటి కేసులో మొదటి పని కేస్ షీట్, పాప గుండె చప్పుడు రికార్డు చేసిన కాగితాలు ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం. ఈ వారంలోనే అడగండి. మీది విడిగా కొత్త చర్చగా పెడితే వివరంగా రాస్తాను.

పాలమూరు

గుద్దిన బండి దొరక్కపోతే?

రిటైర్డ్ క్లెయిమ్స్

హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. తహసీల్దారు లేదా ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. తర్వాత బండి దొరికితే మామూలు క్లెయిమ్ వేసుకోవచ్చు, ఇందులో తీసుకున్నది అందులో తగ్గిస్తారు.

ఖమ్మం నాన్న

మా ఆవిడా నేనూ రాత్రి ఇదంతా రెండుసార్లు చదివాం. సంతకం పెట్టడం లేదు. ఇవాళ స్టేషన్‌కు వెళ్ళి డీఏఆర్ గురించి అడిగాను, ఇంకా పంపలేదట, వచ్చే వారం రమ్మన్నారు. న్యాయ సేవాధికార సంస్థలో కూడా కాగితం ఇచ్చాను. అప్పు సంగతి మా బావమరిదితో మాట్లాడాను, ఎక్కువ వడ్డీది ముందు తీర్చి సొసైటీలో తక్కువ వడ్డీకి మార్చుకునేలా చూస్తున్నాం.

నల్లకోటు గారూ, రెండు సందేహాలు. బాబును కోర్టుకు తీసుకురావాలా? వాడు ఇప్పటికీ కారు హారన్ వింటే వణికిపోతున్నాడు. పిటిషన్‌లో ఇప్పుడు తక్కువ రాసి తర్వాత వైకల్యం ఎక్కువని తేలితే ఎలా?

నల్లకోటు

బాబు రానక్కర్లేదు. మీరు నేచురల్ గార్డియన్‌గా వాడి తరఫున సాక్ష్యం చెప్తారు. కాలు స్వయంగా చూస్తానని జడ్జిగారు అడిగితే ఒక్కసారి తీసుకెళ్ళాలి, అప్పుడు కూడా వాడిని బోనులో నిలబెట్టరు. హారన్‌కు వణకడం గురించి కూడా పిల్లల డాక్టరుకు చూపించి చీటీ రాయించండి, అదీ గాయమే, దానికీ పరిహారం ఉంది. బడికి ఎన్ని నెలలు పోలేదో హాజరు సర్టిఫికెట్ తీసుకోండి.

అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అందుకని ఇప్పుడు తెలిసినంతలో రాయండి, భవిష్యత్తు ఆపరేషన్ గురించి ఒక పేరా తప్పకుండా పెట్టించండి. తర్వాత సవరణ పిటిషన్ వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వేయాలని లేదు, మీరు ఉండే చోట ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు, వాయిదాలకు తిరగడం తేలికవుతుంది.

డీఏఆర్ కోసం స్టేషన్ చుట్టూ తిరుగుతూ పిటిషన్ ఆపకండి. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు ఉంటే చాలు, ఛార్జిషీట్ తర్వాత దాఖలు చేయవచ్చు. ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది ప్రమాదం జరిగిన రోజు నుంచి, ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి కాదు. మీకు ఇంకా నాలుగు నెలలున్నాయి, వచ్చే నెల దాటనివ్వకండి.